విమానం అంటే భయమా? కార్లో వెళ్లిపోదాం అని ఫిక్స్ అయ్యే ముందు ఇవి చేసి చూడండి

వైజాగ్‌లో పెళ్లి, మీరుండేది హైదరాబాద్. ఫ్లైట్‌లో అయితే గంటా పావు, కొంచెం అటూ ఇటూ. రోడ్డు మీద అయితే 600 కిలోమీటర్ల పైనే, ఎంత లేదన్నా 11-12 గంటలు. ఇంట్లో అందరూ ఫ్లైట్ అంటుంటే మీరొక్కరే "కార్లో అయితే సరదాగా ఉంటుంది కదా, లగేజీ గొడవ ఉండదు, రాజమండ్రిలో ఆగి రోజ్ మిల్క్ తాగొచ్చు" అంటూ ఏవేవో చెప్తున్నారు. అసలు కారణం రోజ్ మిల్క్ కాదని మీకు తెలుసు, మీ ఆవిడకో మీ ఆయనకో కూడా తెలుసు, పైకి అనరంతే.

నాకూ ఉంది ఈ భయం. పూర్తిగా పోలేదు, ఉండగానే ఎక్కుతున్నా. అందుకే "ఏం కాదు, భయపడకండి" అని మాత్రం చెప్పను, ఆ మాట విని భయం తగ్గిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను చెప్పేది ఇంకోటి. ప్రమాదం ఎంత అనేది ఒక లెక్క, భయం ఎంత అనేది ఇంకో లెక్క. మనం ఈ రెండూ కలిపేసి, గుండె దడదడలాడుతోంది కాబట్టి ఇది డేంజర్ అనుకుంటాం, కారెక్కితే దడ లేదు కాబట్టి అది సేఫ్ అనుకుంటాం. మొదటిదాన్ని కాగితం మీద తేల్చాలి, రెండోదాన్ని ఒంటితో తేల్చుకోవాలి. కింద చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

1. ముందు మీది ఏ రకం భయమో పట్టుకోండి

ఇది చాలామంది వదిలేస్తారు. "ఫ్లైట్ అంటే భయం" అని ఒక్క మాటలో అంటాం గానీ లోపల రకరకాలు ఉంటాయి. కూలిపోతుందేమో అని కొందరికి. తలుపులు మూసేశాక బయటికి రాలేం కదా అని కొందరికి, వీళ్లకి లిఫ్ట్ అన్నా ఎంఆర్ఐ అన్నా అదే ఇబ్బంది. మధ్యలో పానిక్ అటాక్ వచ్చి నలుగురిలో పరువు పోతుందేమో అని కొందరికి. స్టీరింగ్ నా చేతిలో లేదు అనే బాధ కొందరికి, వీళ్లని ఈజీగా గుర్తుపట్టొచ్చు, కార్లో పక్క సీట్లో కూర్చున్నా లేని బ్రేక్ తొక్కుతూ ఉంటారు.

ఒక కాగితం తీసుకుని "నాకు సరిగ్గా ఏ నిమిషంలో ఎక్కువ భయం" అని రాయండి. డోర్ మూసినప్పుడా, టేకాఫ్‌లోనా, కుదుపుల్లోనా, లేక వారం ముందు నుంచి రాత్రిళ్లు పడుకున్నప్పుడా? డోర్ మూయడం దగ్గర ఇబ్బంది ఉన్నవాళ్లకి రెక్క ఎంత గట్టిదో చెప్తే ఏం ఉపయోగం, వాళ్లకి కావాల్సింది ఏల్ సీటు (నడిచే దారి పక్కనుండేది), ఊపిరి కంట్రోల్. కుదుపులంటే భయం ఉన్నవాళ్లకి ఆ కుదుపు అసలేంటో తెలిస్తే సగం తగ్గుతుంది.

2. టికెట్ బుక్ చేసే ముందే లెక్క వేయండి, గేట్ దగ్గర కాదు

బోర్డింగ్ మొదలయ్యాక ఆలోచిస్తే బుర్ర పనిచేయదు. ఇంట్లో టీ తాగుతూ, ఇంకా ఏదీ బుక్ చేయనప్పుడు చూడాల్సిన లెక్క ఇది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్కే. అంటే రోజుకి సగటున 460 మంది. ఇప్పుడు 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోండి, ఎలాగూ మీ బుర్రలో అదే తిరుగుతూ ఉంటుంది. లండన్ వెళ్లాల్సిన ఎయిర్ ఇండియా 171, అందులో 242 మంది ఉంటే ఒక్కరే బతికారు, కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది పోయారు. ఘోరం, అందులో రెండో మాట లేదు. టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్లకీ ఇంధనం కట్ అయిందని ప్రాథమిక రిపోర్టులో వచ్చింది, అంత తక్కువ ఎత్తులో అలా జరిగితే చేయడానికి టైమ్ ఉండదు. కానీ ఆ రోజు కూడా, దాని ముందు రోజు కూడా, ఆ తర్వాత రోజు కూడా మన రోడ్ల మీద అంతకంటే ఎక్కువమంది పోయి ఉంటారు, వాళ్ల ఫొటోలు జిల్లా ఎడిషన్‌లో లోపలి పేజీల్లో వచ్చి ఉంటాయి. అహ్మదాబాద్‌కి ముందు మన దేశంలో ప్రయాణికులు చనిపోయిన పెద్ద విమాన ప్రమాదం అంటే 2020 ఆగస్టులో కోళికోడ్, 21 మంది. దాని ముందు 2010లో మంగళూరు, 158 మంది. సంవత్సరాలు గుర్తుపెట్టుకుని మరీ చెప్పగలుగుతున్నాం అంటే అవి ఎంత అరుదో చూడండి. రోడ్డు ప్రమాదాల్ని అలా ఎవరైనా చెప్పగలరా?

ప్రపంచం మొత్తం మీద చూస్తే విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ లెక్క ప్రకారం 2024లో 4 కోట్ల 6 లక్షల ఫ్లైట్లు ఎగిరితే ప్రాణనష్టం జరిగినవి 7. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆర్నాల్డ్ బార్నెట్ 2018 నుంచి 2022 వరకు లెక్క తీస్తే విమానం ఎక్కిన ప్రతి 1 కోటి 37 లక్షల సార్లకి ఒక మరణం వచ్చింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ లెక్క చెప్పేవాళ్లు చాలామంది ఇది దాటేస్తారు. రోడ్డు మరణాల్లో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లవి, నడిచి వెళ్లేవాళ్లు కూడా చాలామంది. కాబట్టి మంచి కారులో, పగటిపూట, అందరూ బెల్టు పెట్టుకుని, సరిపడా నిద్రపోయి వెళ్తే మీ రిస్కు ఆ సగటు కంటే బాగా తక్కువే. ఒప్పుకుంటా. కానీ అంత తగ్గించినా 600 కిలోమీటర్ల హైవే, ఒక గంటా పావు ఫ్లైట్ కంటే సేఫ్ అవ్వదు, దగ్గరికి కూడా రాదు.

భయంతో కారెక్కితే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి చూశారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జనం విమానాలు మానేసి కార్లలో తిరగడం మొదలుపెట్టారు. గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ సైకాలజిస్టు లెక్క వేస్తే ఆ తర్వాతి ఏడాదిలో అక్కడి రోడ్ల మీద మామూలు కంటే దాదాపు 1,500 మంది ఎక్కువ చనిపోయారని తేలింది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఇది చదివే మనవాళ్లు, థాంక్స్‌గివింగ్‌కి పద్నాలుగు గంటల డ్రైవ్ ప్లాన్ చేసుకునేటప్పుడు ఒకసారి దీన్ని గుర్తుచేసుకోండి.

3. అసలు కారు ప్రయాణాన్ని ఉన్నది ఉన్నట్టు ఊహించుకోండి

మనం పోల్చేటప్పుడు ఒక మోసం చేస్తాం. ఫ్లైట్ అనగానే చెత్త ఫ్లైట్ ఊహించుకుంటాం, ఉరుములు, కుదుపులు, పక్కవాడి ఏడుపు. కారు అనగానే యాడ్‌లో కారు ఊహించుకుంటాం, ఖాళీ రోడ్డు, పాటలు, ఎండ తగలని గాలి.

మీ కారు ట్రిప్ నిజంగా ఎలా ఉంటుందో రాయండి. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఏడింటికి బయల్దేరుదాం అనుకుంటారు, సర్దుకునేసరికి తొమ్మిది. ఎల్బీనగర్ దాటేసరికి పది. పంతంగి టోల్ దగ్గర సంక్రాంతో దసరానో అయితే ఇక చెప్పక్కర్లేదు. సూర్యాపేటలో టీ. విజయవాడ చేరేసరికి తెల్లవారుజామున రెండు, మూడు. అప్పటికి మీరు నిద్ర లేచి ఇరవై గంటలు. ఇంకా సగం పైనే దారి ఉంది, ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి. వెనక సీట్లో పిల్లలు బెల్టు లేకుండా పడుకుని ఉంటారు. రోడ్డు పక్కన లైట్లు లేకుండా లారీ ఆపి ఉంటుంది. రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తుంది. ఈ టైమ్‌లో స్టీరింగ్ మీ చేతిలో ఉంది నిజమే, ఎదుటివాడి స్టీరింగ్ మాత్రం మీ చేతిలో లేదు.

ఇదే టైమ్‌లో విమానం నడిపేవాళ్ల సంగతి చూడండి. ఇద్దరు పైలట్లు. ఎన్ని గంటలు నడపాలి, మధ్యలో ఎంత రెస్ట్ అని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్స్. మన దేశంలో డ్యూటీకి ముందు బ్రెత్ ఎనలైజర్ టెస్ట్ తప్పనిసరి. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి ఇంజన్ ఆపేసి, మంటలు పెట్టి, ఏం చేస్తారో చూస్తారు. మీ బావమరిది లాస్ట్ టైమ్ డ్రైవింగ్ టెస్ట్ ఎప్పుడు ఇచ్చాడు?

బెల్టు సంగతి కూడా. 2022లో బెల్టు లేకుండా చనిపోయినవాళ్లు 16,715 మంది, అందులో దాదాపు సగం డ్రైవర్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. అదే ఏడాది సెప్టెంబర్‌లో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది కూడా వెనక సీట్లోనే, బెల్టు లేదు. విమానంలో బెల్టు సైన్ వెలగ్గానే టక్కున పెట్టుకునే మనమే కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకోమంటే నవ్వుతాం.

మరి కారు ఎప్పుడు కరెక్ట్? హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి 270-280 కిలోమీటర్ల దూరానికి ఫ్లైట్ పెట్టుకుంటే శంషాబాద్ వెళ్లడం, అక్కడ వెయిటింగ్, గన్నవరం నుంచి ఊళ్లోకి రావడం కలిపితే టైమ్ ఏమీ మిగలదు. పగలు కార్లో వెళ్లండి, తప్పేం లేదు. ఐదుగురు ఉన్నారు, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు, అక్కడ నాలుగు ఊళ్లు తిరగాలి, అప్పుడూ కారే. కానీ ఆ నిర్ణయం ఈ కారణాల వల్ల తీసుకోండి, భయం వల్ల తీసుకుని వీటి పేరు చెప్పకండి.

ఇంకో దారి అందరూ మర్చిపోతారు, రైలు. సికింద్రాబాద్ నుంచి వైజాగ్‌కి వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు, రాత్రికి గోదావరి, గరీబ్ రథ్ ఉండనే ఉన్నాయి. విమానం ఎక్కడానికి మీరింకా రెడీగా లేకపోతే దానికి బదులు రైలు ఎక్కండి, రాత్రి డ్రైవింగ్ పెట్టుకోకండి. డెన్నిస్ బెర్గ్‌క్యాంప్ అని ఆర్సెనల్‌కి ఆడిన డచ్ ఫుట్‌బాలర్, విమానం ఎక్కనే ఎక్కనని భీష్మించుకుని కొన్ని యూరప్ మ్యాచ్‌లు వదిలేసుకున్నాడు, కొన్నింటికి రోడ్డు మీద వెళ్లాడు. అయినా గొప్ప ఆటగాడే. అంటే ఇదేమీ పిరికితనం లెక్కలోకి రాదు. కాకపోతే అతను వదులుకున్నవి మ్యాచ్‌లు, మనం వదులుకునేవి చెల్లెలి సీమంతం, అమెరికాలో మనవరాలి మొదటి పుట్టినరోజు. దానికైతే ఏ హైవే కూడా లేదు.

4. బుకింగ్‌లోనే సగం పని

పొద్దున ఫ్లైట్ తీసుకోండి, వీలైతే ఆరు, ఏడు గంటలది. ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే కుదుపులు పెరుగుతాయి, ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఇందుకే బాగా ఊగుతాయి. సాయంత్రాలు ఉరుముల మేఘాలు కడతాయి. పొద్దున ఫ్లైట్‌లో ఇంకో లాభం ఏంటంటే రోజంతా కూర్చుని భయపడే టైమ్ ఉండదు, లేచామా వెళ్లామా అంతే.

సీటు రెక్క మీదుగా ఉండే వరసల్లో తీసుకోండి, అక్కడ ఊగడం తక్కువ తెలుస్తుంది, చివరి వరసల్లో ఎక్కువ. మూసేసినట్టు ఉంటే ఇబ్బంది అనేవాళ్లు ఏల్ సీటు, ఏం జరుగుతుందో కనిపిస్తే ధైర్యం అనేవాళ్లు విండో. సీటుకి మూడొందలు ఎక్కువా అని చూడకండి, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

రాజమండ్రి, కడప లాంటి చోట్లకి కొన్ని సర్వీసులు ఏటీఆర్ అనే ఫ్యాన్ల విమానాలు. అవి కూడా సేఫే, కాకపోతే పెద్ద జెట్‌ల కంటే కింద ఎగురుతాయి, చప్పుడూ వైబ్రేషనూ ఎక్కువ అనిపిస్తుంది. మొదటిసారి ధైర్యం చేస్తున్నవాళ్లు ఎయిర్‌బస్ ఉన్న టైమింగ్ చూసుకోండి, బుకింగ్‌లోనే విమానం రకం కనిపిస్తుంది.

ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా వెళ్లండి. కానీ "ఇంత పెద్దయ్యావ్, సిగ్గులేదా" అనే బాబాయితో వద్దు.

5. చప్పుళ్లు ముందే నేర్చుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నా. భయస్తుడికి విమానంలో ప్రతి చప్పుడూ ఒక ప్రశ్న. సమాధానం ముందే తెలిస్తే ప్రశ్న రాదు.

గేట్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, రన్‌వే వైపు కదులుతున్నప్పుడు ఎయిర్‌బస్ ఏ320లో కాళ్ల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపంతో కోసినట్టు ఒక చప్పుడు వస్తుంది. రెండు హైడ్రాలిక్ సిస్టమ్‌ల మధ్య ప్రెజర్ సరిచేసే పంపు అది. మన దేశంలో ఎక్కువగా తిరిగేవి ఈ విమానాలే కాబట్టి మీకు ఇది వినిపించే అవకాశం బాగా ఉంది, విన్నప్పుడు "ఆ, నువ్వేనా" అనుకోండి.

టేకాఫ్ పరుగులో లైట్లు, పైన సామాన్లు పెట్టే బిన్‌లు గడగడలాడతాయి, అవి ప్లాస్టిక్ ప్యానెళ్లు, విమానం కాదు. నేల వదలగానే కింద నుంచి ధడ్ మని ఒక శబ్దం, చక్రాలు లోపలికి వెళ్లి తలుపులు మూసుకున్నాయి.

ఇప్పుడు ముఖ్యమైనది. పైకి లేచిన కాసేపటికి, సుమారు వెయ్యి, పదిహేను వందల అడుగుల దగ్గర, ఇంజన్ మోత ఒక్కసారిగా తగ్గుతుంది, కడుపులో జారిపోయినట్టు అనిపిస్తుంది. ఎక్కువమంది సీటు పట్టుకునేది ఇక్కడే, "ఇంజన్ ఆగిపోయింది, కిందకి పోతున్నాం" అని. ఏం జరిగిందంటే టేకాఫ్‌కి వాడిన ఎక్కువ పవర్‌ని పైలట్లు మామూలు ఎక్కే పవర్‌కి తగ్గించారు. విమానం ఇంకా పైకే పోతోంది, ఎక్కే వేగం కొంచెం తగ్గిందంతే. మన లోపలి చెవి ఆ తేడాని "పడిపోతున్నాం" అని తప్పుగా చదువుతుంది. ప్రతి ఫ్లైట్‌లో వస్తుంది ఇది. ఎదురుచూడండి, రాగానే లోపల టిక్ పెట్టుకోండి.

తర్వాత రెక్కల దగ్గర గుయ్ మని మోటారు చప్పుడు, ఫ్లాప్స్, అంటే టేకాఫ్‌కి రెక్క వెనక బయటికి చాపిన పలకలు, లోపలికి వెళ్తున్నాయి. టింగ్ టింగ్ గంటలు చాలావరకు సిబ్బంది ఒకళ్లనొకళ్లు పిలుచుకోవడానికి. దిగేటప్పుడు మళ్లీ ఫ్లాప్స్, మళ్లీ చక్రాల ధడ్. నేల తగిలాక ఇంజన్లు ఒక్కసారి గర్జిస్తాయి, అది రివర్స్ థ్రస్ట్, ఆపడానికి చేస్తారు. అప్పుడు రెక్క మీద పలకలు పైకి లేచి ఏదో ఊడిపోయినట్టు కనిపిస్తాయి, ఊడలేదు, అవి స్పాయిలర్లు, వాటి పనే అది.

ఒక్కోసారి రన్‌వే దాకా వచ్చి మళ్లీ గట్టిగా పైకి లేస్తుంది. గో-అరౌండ్ అంటారు. ముందు విమానం ఇంకా ఖాళీ చేయలేదనో, గాలి బాగోలేదనో, కుదరలేదు కాబట్టి ఇంకో రౌండ్ వేద్దాం అని. పైలట్లు ప్రాక్టీస్ చేసే పనే. ఇంధనం సరిపోతుందా అనే డౌట్ వస్తుంది కదా, వెళ్లాల్సిన చోటికి, అక్కడ కుదరకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి, దాని మీద ఇంకో అరగంట గాల్లో తిరగడానికి, ఇన్నిటికీ కలిపి నింపుకున్నాకే బయల్దేరతారు. వైజాగ్‌లో దిగేటప్పుడు కిటికీలోంచి కొండలు, సముద్రం రెండూ దగ్గరగా కనిపించి కంగారు పెడతాయి, ఆ ఎయిర్‌పోర్టు ఉన్న చోటే అలాంటిది.

ఇక కుదుపులు. గాలి ప్రవాహాలు కలిసే చోట, మేఘాల్లో, కొండల మీద విమానం ఊగుతుంది. వందల అడుగులు కిందపడినట్టు మనకనిపించినప్పుడు కూడా మామూలు కుదుపుల్లో ఎత్తు మారేది కొద్ది అడుగులే. రెక్క విరిగిపోతుందేమో అంటారా, సర్వీసులో ఎప్పుడూ రావచ్చనుకున్న అతి పెద్ద బరువుకి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే విమానానికి సర్టిఫికెట్. బోయింగ్ 777 రెక్కని 1995లో కావాలని విరగ్గొట్టి చూస్తే 154 శాతం దగ్గర గానీ విరగలేదు, అప్పటికి రెక్క కొస 24 అడుగులు పైకి వంగింది. అందుకే కిటికీలోంచి రెక్క ఊగుతుంటే భయపడక్కర్లేదు, ఊగడం దాని డిజైన్‌లోనే ఉంది.

కుదుపుల్లో నిజమైన ప్రమాదం విమానానికి కాదు, బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి. 2024 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద గట్టిగా కుదుపుకి గురైంది, ఒకాయన పోయారు, చాలామందికి దెబ్బలు తగిలాయి, విమానం మాత్రం బ్యాంకాక్‌లో మామూలుగా దిగింది. కాబట్టి సైన్ ఆఫ్ అయినా బెల్టు తీయకండి, కొంచెం వదులుగా ఉంచుకోండి చాలు.

రెండు ఇంజన్లు ఆగిపోతే? ఒకటి ఆగితే మిగిలినదాంతో ఎగిరి దిగగలిగేలానే కడతారు. రెండూ ఆగినా ఎత్తులో ఉంటే రాయిలా పడదు, జారుకుంటూ వస్తుంది. 2001 ఆగస్టులో ఎయిర్ ట్రాన్సాట్ విమానం అట్లాంటిక్ మీద ఇంధనం అయిపోయి, ఇంజన్లు లేకుండా దాదాపు 19 నిమిషాలు జారుకుంటూ అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు.

6. వారం ముందు నుంచి

ప్రమాదాల వీడియోలు ఆపేయండి. "తెలుసుకుంటున్నా" అని మనకి మనం చెప్పుకుంటాం గానీ అది భయానికి మేత వేయడమే, రెండు చూస్తే యాప్ ఇరవై చూపిస్తుంది. దానికి బదులు కాక్‌పిట్ నుంచి తీసిన మామూలు టేకాఫ్, ల్యాండింగ్ వీడియోలు హెడ్‌ఫోన్స్‌తో చూడండి, బోర్ కొట్టేదాకా. బోర్ కొట్టడమే ఇక్కడ లక్ష్యం.

భయం పెద్దదైతే మెట్లు మెట్లుగా వెళ్లండి. ఒకరోజు ఎవరినైనా దింపడానికి శంషాబాద్ వెళ్లి కాసేపు కూర్చోండి, విమానాలు లేవడం చూడండి. తర్వాత చిన్న ఫ్లైట్, గంటలోపుది, వెంటనే అమెరికా కాదు. దడ మొదలయ్యాక పారిపోకుండా అది తగ్గేదాకా అక్కడే ఉండటం అసలు మందు. భయం ఎక్కడిదాకా పోతే అక్కడే ఉండిపోదు, కాసేపటికి దానంతట అదే దిగుతుంది, ఈ సంగతి ఒంటికి అనుభవంలో తెలియాలి, చదివితే తెలియదు.

మందుబిళ్లల గురించి. చాలామంది తెలిసిన మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలమ్ వేసుకుంటారు. సొంతంగా వద్దు, డాక్టర్‌ని అడగండి. ఇంకో కారణం కూడా ఉంది, 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆల్ప్రజోలమ్ వేసుకున్నవాళ్లకి మొదటి ఫ్లైట్‌లో భయం తక్కువనిపించింది గానీ వారం తర్వాత అది లేకుండా ఎక్కితే వేసుకోనివాళ్ల కంటే ఎక్కువ భయపడ్డారు. మాత్ర మింగి దాటేస్తే ఒంటికి నేర్చుకునే ఛాన్స్ పోతుంది. ఎయిర్‌పోర్టులో రెండు పెగ్గులు కూడా అంతే, పైగా దడ పెంచుతుంది. కాఫీ కూడా ఆ రోజు తగ్గించండి, కాఫీ దడని భయం దడ అనుకుంటాం. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి, రెండు ఇడ్లీలైనా తినండి.

టికెట్లు మళ్లీ మళ్లీ క్యాన్సిల్ చేసేంత భయమైతే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కౌన్సెలింగ్) చేసే సైకాలజిస్టుని కలవండి, ఇలాంటి భయాలకి బాగా పనిచేసే చికిత్స అది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

7. ఎక్కాక

లోపలికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర నిలబడిన క్యాబిన్ క్రూకి "నాకు ఫ్లైట్ అంటే కొంచెం భయం అండీ" అని చెప్పండి. అంతే చాలు, మొహమాటపడకండి, ఇలాంటి ప్రయాణికులు వాళ్లకి కొత్త కాదు. కుదుపులు వచ్చినప్పుడు ఒకసారి వచ్చి పలకరించి వెళ్తారు, ఆ పలకరింపు విలువ భయపడేవాడికే తెలుసు.

ఊపిరి ఇలా తీసుకోండి, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, నోటితో ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. వదలడం పొడుగ్గా ఉండాలి, తీసుకోవడం కాదు, చాలామంది గట్టిగా పీల్చి పీల్చి తల తిరిగేలా చేసుకుంటారు. రన్‌వే మీదకి రాగానే మొదలుపెట్టి చక్రాల ధడ్ దాకా చేయండి.

సీటు చేతుల్ని బిగించి పట్టుకోకండి. పట్టుకోవాలనిపిస్తే పిడికిలి ఐదు సెకన్లు గట్టిగా బిగించి పూర్తిగా వదిలేయండి, తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు. కుదుపుల్లో ఒళ్లు బిగిస్తే ప్రతి కదలికా రెట్టింపు తెలుస్తుంది, వదులుగా ఉంటే ఒళ్లు దాంతో పాటు ఊగిపోతుంది.

ట్రేలో సగం గ్లాసు నీళ్లు పెట్టి చూడండి. మీ మనసు "అటూ ఇటూ దొర్లిపోతున్నాం" అంటున్నప్పుడు నీళ్లు కొంచెం అలా కదులుతుంటాయి అంతే. నాకు ఏ లెక్కా ఇవ్వని ధైర్యం ఈ గ్లాసు ఇచ్చింది.

"ఇది ఎప్పుడైపోతుంది" అని మ్యాప్ చూస్తూ కూర్చోకండి. చేతికి పని ఇవ్వండి. సుడోకు అయినా సరే, హనుమాన్ చాలీసా మనసులో చదువుకోవడం అయినా సరే, చిన్నప్పటి ఎక్కాలు పదిహేడో ఎక్కం నుంచి వెనక్కి అయినా సరే. నమ్మకం ఉన్నవాళ్లకి చాలీసా పనిచేస్తుంది, లేనివాళ్లకి పదిహేడో ఎక్కం పనిచేస్తుంది, కష్టం కాబట్టి.

పక్కన కూర్చున్నవాళ్లకి కూడా ఒక మాట. మీ మనిషి భయపడుతుంటే స్టాటిస్టిక్స్ చెప్పకండి, జోకులు వేయకండి, "ఏడుస్తున్నాడు చూడు" అని వీడియో అసలు తీయకండి. చెయ్యి ఇవ్వండి, అడిగితే మాట్లాడండి.

8. కారే అని తేల్చుకుంటే

అన్నీ చూశాక ఈసారికి కారే అనుకుంటే సరే, అప్పుడు కారుకి కూడా ఫ్లైట్‌కి ఇచ్చినంత భయం ఇవ్వండి. పొద్దున ఐదింటికి బయల్దేరండి, అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా రోడ్డు మీద ఉండొద్దు. నడిపేవాళ్లు ఇద్దరుండాలి, రెండు గంటలకోసారి మారాలి. వెనకవాళ్లకీ బెల్టు, పిల్లలకి చైల్డ్ సీటు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కాదు. టైర్లలో గాలి, స్టెప్నీ ముందు రోజే చూసుకోండి. సాయంత్రం అయిపోయి కళ్లు బరువెక్కితే రాజమండ్రిలోనో ఏలూరులోనో రూమ్ తీసుకుని పడుకోండి, ఎలాగూ రోజ్ మిల్క్ కోసం ఆగుదామన్నారుగా.

9. దిగాక

ఫోన్‌లో రెండు నంబర్లు రాయండి. ఎక్కేముందు భయం పదికి ఎంత అనుకున్నారు, నిజంగా మధ్యలో ఎంత ఉంది. మామూలుగా మొదటిది తొమ్మిది ఉంటుంది, రెండోది ఐదో ఆరో. ఈ తేడాని రాసిపెట్టుకోకపోతే వారంలో మర్చిపోతాం, మళ్లీ తొమ్మిదే గుర్తుంటుంది.

తిరుగు ప్రయాణం కూడా ఫ్లైట్‌లోనే రండి. "వెళ్లేటప్పుడు ఎక్కా కదా, వచ్చేటప్పుడు పెదనాన్న వాళ్ల కార్లో వచ్చేస్తా" అంటే సగం నేర్చుకున్నది అక్కడే పోతుంది. ఆ తర్వాత కూడా ఏడాది గ్యాప్ ఇవ్వకండి, రెండు మూడు నెలల్లో బెంగుళూరుకో చెన్నైకో ఏదో ఒక చిన్న పని పెట్టుకుని ఇంకోసారి ఎక్కండి, టికెట్ మాత్రం ఇప్పుడే, దిగిన ధైర్యం ఇంకా ఉండగానే బుక్ చేసేయండి.